శివరాత్రి ముందు తుంచాల్సిన కొమ్మ

కోలియస్‌కు గండం నెల ఒక్కో ఊళ్లో ఒక్కోటి. మా తనకల్లులో అది ఉగాది దాటాక వస్తుంది. మా అమ్మాయి కాపురం ఉంటున్న అమెరికాలోని మిన్నెసోటాలో దసరాకూ దీపావళికీ మధ్యలోనే వచ్చేస్తుంది. రెండు చోట్లా ఆ మొక్కను చేజేతులా పోగొట్టుకున్నదాన్ని నేను. ఇక్కడ ఎండకు పోయింది, అక్కడ మంచుకు పోయింది అని చాన్నాళ్లు చెప్పుకున్నాను. అది నిజం కాదు. రెండు చోట్లా మొక్కను చంపింది నా పద్ధతే. ఏపుగా పెరిగిన మొక్కను అదే ఏపుతో గండం దాటించాలని చూశాను. కాలం కరుకెక్కే కొద్దీ ఇంకాసిని నీళ్లు, ఇంకాస్త ఎరువు, ఇంకాస్త ఆరాటం. ఆ ఆరాటం వల్ల ఏం పోయిందో, దాన్ని మానుకున్నాక ఏం మిగిలిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కోలియస్ అరుదైన మొక్కేమీ కాదు. కల్యాణ మంటపాల ముందు, బ్యాంకు మెట్ల పక్కన, స్కూళ్ల వరండాల్లో కుండీల్లో కనబడుతుంది. ఆకు మధ్యలో ముదురెరుపు, చుట్టూ పసుపు, రంపం అంచు వెంబడి సన్నని పచ్చ గీత. కొన్ని రకాల్లో వంగపండు రంగు, కొన్నింట్లో రాగి రంగు. పువ్వు ఉంటుంది కానీ లెక్కలోకి రాదు, అందమంతా ఆకుదే. మా వైపు ఆకుకు రంగుంటే చాలు, ఏ మొక్కనైనా క్రోటన్ అనేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను, క్రోటన్‌ను పెంచినట్టే దీన్నీ పెంచబోయాను. క్రోటన్‌ది చెక్క కాండం, మందపాటి ఆకు. మా ఎండను ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. కోలియస్ కాండం నలుపలకలుగా, నీళ్లు నిండి, గోటితో గిల్లితే తెగేంత లేతగా ఉంటుంది. కళ్లు మూసుకుని ఆ కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే తులసి అనే అనుకుంటాం. అవి రెండూ ఒకే కుటుంబం మరి. 1763లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తులసి ఉన్న ఆసిమమ్ ప్రజాతిలోనే చేర్చాడు. తర్వాతివాళ్లు కోలియస్ అన్నారు, సొలెనోస్టెమన్ అన్నారు, ప్లెక్ట్రాంథస్ అన్నారు, చివరికి మళ్లీ కోలియస్‌కే వచ్చారు. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉన్న వెచ్చని చెమ్మ నేలలు. పెద్ద చెట్ల నీడన, ఎప్పుడూ తేమ ఉండే గాలిలో పెరిగే మొక్క. దాన్ని తెచ్చి నేను కుండీల్లో పెట్టింది తనకల్లు గరుసు నేల మీద, పడమటి గోడ వారన.

మా ఊరు తెలియనివాళ్లకు ఒక మాట. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉంటుంది తనకల్లు. పాత అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలామటుకు కురిసేసి మా దాకా వచ్చేసరికి తేలికైపోతాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానలూ అరకొరే. జిల్లా సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు, ఆ సగటైనా కురవని ఏళ్లు బోలెడు. ఎర్ర నేల, చెనక్కాయ చేలు, చింతచెట్లు, టమాటా, మల్బరీ. బోరు నీళ్లలో ఉప్పులూ ఫ్లోరైడూ. తాగడానికి క్యాను నీళ్లు కొనుక్కుంటాం.

మొదటి మొక్కలు తెచ్చింది బెంగళూరు నుంచి. జనవరిలో లాల్‌బాగ్‌లో రిపబ్లిక్ డే పూల ప్రదర్శన జరుగుతుంది. 1889లో పునాది వేసిన అక్కడి గాజు మందిరాన్ని లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో కట్టారు. మెట్లు మెట్లుగా పేర్చిన కోలియస్‌లను అందులోనే మొదటిసారి అంత దగ్గరగా చూశాను. చలి దేశాల్లో గాజు ఇళ్లు కట్టుకున్నది ఇలాంటి వేడి నేలల మొక్కల్ని శీతాకాలం దాటించడానికేనని అప్పటికే నాకు తెలుసు, బడిలో సైన్సు చెప్పినదాన్నే కదా. మా ఊళ్లో ఈ మొక్కను ఏ కాలం దాటించాల్సి వస్తుందో మాత్రం ఆలోచించలేదు. బయట నర్సరీలో అరడజను రకాలు ఏరుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ మాఘ, ఫాల్గుణాల్లో ఇచ్చినంత తృప్తి తోటపని నాకు జీవితంలో మరెప్పుడూ ఇవ్వలేదు. దిబ్బెరువు వేశాను, రోజూ నీళ్లు పోశాను. కోలియస్‌కు చలి తగ్గి ఎండ ముదరని ఆ వారాలంటే ప్రాణం, కళ్ల ముందే గుబురు కట్టింది. దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. నీలం వెన్నులు వచ్చాయి. తులసికి వెన్నులు రాగానే తుంచేయాలని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది, లేకపోతే చెట్టు గిడసబారుతుందని. అదే నియమం దాని చుట్టానికీ వర్తిస్తుందని తోచలేదు. పూశాయని మురిసిపోయి వదిలేశాను. విత్తనం పట్టడం మొదలెట్టిన కోలియస్ కొత్త ఆకు వేయడం తగ్గిస్తుంది, కింది ఆకులు రాలుస్తుంది, కాండం బిరుసెక్కుతుంది. కదిరి తేరు అయిపోయి ఎండ ముదిరే సమయానికి నా మొక్కలు సగం శక్తి పూలకే ఖర్చుపెట్టి ఉన్నాయి.

చైత్రంలో మొదట రంగు పోయింది. ఎరుపు వెలిసి ఇటుక పొడి రంగయింది, పసుపు తెల్లబడి కాగితంలా ఎండింది. మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడేవి. వేలాడిన మొక్కను చూస్తే ఎవరికైనా నీళ్లు పోయాలనే అనిపిస్తుంది. పోశాను. సాయంత్రానికి తేరుకునేది. మర్నాడు మళ్లీ వేలాడేది. పూటకు ఒక బకెట్టు అన్నది రెండయింది. మధ్యాహ్నం పన్నెండప్పుడు, ఎండలో పడున్న పైపులోంచి వచ్చే కాగిన నీళ్లు కూడా పట్టాను. కొన్నాళ్లకు సాయంత్రం కూడా తేరుకోవడం మానేసింది. మన్ను తడిగానే ఉంది, ఆకు మాత్రం వాడిపోయి ఉంది.

ఆ దశలో ఒక మొక్కను కుండీతో సహా బోర్లించి చూశాను. తెల్లగా, నూలు పోగుల్లా అల్లుకుని ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, వేలితో పట్టుకుంటే పైపొర జారిపోతోంది. పాచి వాసన. కుండీ లోపలి అంచు చుట్టూ బోరు నీళ్ల ఉప్పు తెల్లటి వలయం కట్టింది. జరిగింది ఇది: ఆకు వేడిగాలికి నీటిని వదులుతున్న వేగాన్ని వేరు అందుకోలేకపోయింది. నేనేమో వేరు మీదే దాడి చేశాను. కాగిన నీళ్లకు వేరు ఉడికింది, ఎప్పుడూ తడిగా ఉన్న మన్నులో గాలి లేక కుళ్లింది, పేరుకున్న ఉప్పు మిగిలిన వేరునూ నీళ్లు తాగనివ్వలేదు. కుళ్లిన వేరున్న మొక్కా దాహమైన మొక్కా పైకి చూస్తే ఒకేలా వేలాడతాయి. పిల్లలకు ఏటా బాష్పోత్సేకం పాఠం చెప్పినదాన్ని, ఆకులోంచి నీరు ఎలా పోతుందో పాలిథిన్ సంచి కట్టి చూపించినదాన్ని, నా పెరట్లో అదే జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. దాన్ని రాయడానికి చాలాసార్లు కలం ఆగింది. ఆ వేసవిలో మా వీధి బోరు ఎండింది. ట్యాంకరు వచ్చేది. బిందెలు వరసపెట్టి ఆడవాళ్లు ఎండలో నిలబడేవాళ్లు. మా ఇంటి సంపులో అంతకుముందు నింపుకున్న నీళ్లు ఉన్నాయి కాబట్టి నాకు ఆ వరసలో నిలబడే అవసరం రాలేదు. ఒకరోజు ట్యాంకరు రాలేదు. ఎదురింటి కోడలు, చంకలో బిడ్డతో, మా గేటు దగ్గరకొచ్చి "అక్కా, ఒక బిందె ఉంటే పొయ్‌క్కా" అంది. అప్పుడు నా చేతిలో పైపుంది. నీళ్లు కోలియస్ మొదట్లో పారుతున్నాయి. ఆమెకు నీళ్లు ఇచ్చాను. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు, పైపు వైపు చూసి చూపు తిప్పుకుంది. చనిపోవడం ఖాయమైన మొక్కకు రోజుకు నాలుగు బకెట్లు పోస్తున్నానని అప్పుడు లెక్క తట్టింది. కరువు నేల మీద ఒక అలంకారపు మొక్కను అలా పెంచే హక్కు నాకు లేదు. ఆ సాయంత్రం నుంచి పోయడం మానేశాను. మొక్కలన్నీ పోయాయి.

పెరట్లో బతికిపోయింది వామాకు ఒక్కటే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అంట్లు తోమిన నీళ్లే దానికి దిక్కు. మా తట్టు కర్పూరవల్లి అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు కోలియస్ అంబోయినికస్, అంటే అదీ కోలియస్సే. మందమైన నూగు ఆకులో నీళ్లు దాచుకునే ఏర్పాటు దానికుంది. రంగుల కోలియస్‌కు లేదు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరికి ఒకే ఓర్పు ఉండాలని ఎక్కడుంది?

మిన్నెసోటా సంగతికి వస్తాను. అమ్మాయి కాన్పుకని సెప్టెంబరు మొదట్లో వెళ్లాను. పర్యాటక వీసా మీద పోయినవాళ్లకు మామూలుగా ఇచ్చే ఆరు నెలల గడువు. మినియాపొలిస్ పక్క ఊళ్లో వాళ్ల ఇల్లు. పదివేల సరస్సుల రాష్ట్రమని కార్ల నంబరు పలకల మీదే రాసుకుంటారు. అనంతపురం మనిషికి ఆ నీటిని చూస్తే గుండె నిండిపోతుంది. ఇంటి వెనక చెక్క వసారా మీద, డెక్ అంటారు వాళ్లు, కుండీల్లో కోలియస్‌లు. మే నెలలో కొని నాటిందట. నేను బతికించలేకపోయిన మొక్క అక్కడ నడుమెత్తు పెరిగి, లాల్‌బాగ్ వాటికంటే నిండైన రంగుల్లో ఉంది. ఆ ఊరి ఎండాకాలం పగళ్లు పొడుగు, ఎండ మెత్తన, గాలిలో తేమ. అదంతా దాని పుట్టింటి పోలికే.

పక్కనే కరివేపాకు కుండీ. చలి ఊళ్లలో ఉండే మన తెలుగు ఇళ్లన్నింటిలో అది చంటిపిల్లతో సమానం. రాత్రుళ్లు 10 డిగ్రీల కిందికి దిగబోతున్నాయని తెలియగానే అమ్మాయి దాన్ని ఇంట్లోకి జరిపేసింది. కోలియస్‌ల సంగతి అడిగితే "కొమ్మలు తీసుకుందాంలేమా, చెట్టంతా ఎందుకు" అంది. నాకు మనసొప్పలేదు. అంత నిండు మొక్కల్ని నరకడమా? ఎండకే కదా ఇది చచ్చేది, చల్లగా ఉంటే దీనికి మేలే అనుకున్నాను. మా ఊరి అనుభవం తెచ్చి ఆ ఊరి మీద రుద్దాను. అక్టోబరు రెండో వారంలో ఒక రోజు ఫోనులో మంచు హెచ్చరిక వచ్చింది. పసిబిడ్డతో, నిద్రలేమితో ఉన్న అమ్మాయి "మా, కుండీలు లోపలికి తేవాల" అని గుర్తు చేసింది. "ఒక్క రాత్రికి ఏమైతాది పాపా, నువ్వు పండుకో" అన్నాను.

తెల్లారి తలుపు తీశాను. గడ్డి మీద ఉప్పు చల్లినంత తెల్లదనం. కోలియస్‌లు నిలబడే ఉన్నాయి. ఎండ తగిలిన అరగంటకు ఒక్కొక్క ఆకే నల్లబడి, ఉడికిన తోటకూరలాగా మెత్తబడి, కాండానికి అతుక్కుపోయింది. ముట్టుకుంటే వేళ్లకు నీళ్లంటాయి. ఆకులో ఉండే నీరు గడ్డకట్టేటప్పుడు కణాల పొరలు చితికిపోతాయి. కరిగాక ఆ నీరంతా బయటికి కారిపోతుంది. కాండమంతా నీళ్లే కాబట్టి అదీ కూలిపోయింది. తనకల్లులో కోలియస్ నెలపాటు తీసుకుంటూ చచ్చింది. అక్కడ ఒక్క రాత్రిలో అయిపోయింది. అమ్మాయి పెంచుతున్న వామాకు కుండీ కూడా డెక్ మీదే ఉండిపోయింది. ఎండను గెలిచిన ఆ మందమైన ఆకు మంచు ముందు కోలియస్ కంటే ముందే నల్లబడింది. నీళ్లు దాచుకునే గుణమే అక్కడ దాని ప్రాణం తీసింది.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆమె పెద్దలు నార్వే నుంచి వలస వచ్చినవాళ్లట. మంచు పడటానికి రెండు వారాల ముందు ఒకరోజు ఆమె తన పెరట్లో నిగనిగలాడుతున్న కోలియస్‌లను వేళ్లతో సహా పీకి ఎరువు పెట్టెలో వేస్తుంటే కిటికీలోంచి చూశాను. నాకు కడుపు తరుక్కుపోయింది. ఇంత నిర్దయా అనుకున్నాను. తర్వాత బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు చేతిలో ఒక గాజు గ్లాసు పట్టుకొచ్చింది. అందులో వేళ్లు దిగిన కోలియస్ కొమ్మలు రెండు. అమ్మాయి మధ్యవర్తిగా మాట్లాడి చెప్పింది: ఆమె ఆగస్టు ఆఖరి వారంలోనే, మొక్క మంచి జోరు మీద ఉన్నప్పుడే, పూత రాని చివర్లు తుంచి నీళ్లలో పెట్టేస్తుంది. అవి వంటింటి కిటికీలో పెరుగుతుంటాయి. బయటి మొక్కలు ఆమె లెక్కలో అప్పటికే అయిపోయినవి, పీకేసేదాకా కళ్లకు విందు చేయడం తప్ప వాటితో పనిలేదు. మే నెలలో ఆ చివర్లే మళ్లీ పెరడంతా నింపుతాయి. ఏళ్ల తరబడి ఒకే మొక్కను ఆమె అలా నడిపిస్తోంది. నేను నిర్దయ అనుకున్నది తీరిగ్గా, ముందుగా చేసిన పెంపకం. నేను ప్రేమ అనుకున్నది మొక్కను మంచుకు వదిలేసింది.

అంతటితో బుద్ధి వచ్చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. మంచు రాత్రికి ముందు అమ్మాయి ఎలాగో ఒక చిన్న కుండీని లోపలికి తెచ్చి ఉంచింది. దాన్నైనా దక్కించుకోవాలని, గది వెచ్చగా ఉండే చోటు వెతికి, నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ పక్కన పెట్టాను. రోజూ నీళ్లు పోశాను. మినియాపొలిస్ భూమధ్యరేఖకూ ధ్రువానికీ సరిగ్గా నడుమ, 45 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. తనకల్లులో అదే రోజున పదకొండు గంటలకు పైనే ఉంటుంది. వెలుగు లేనప్పుడు మొక్క వంట తగ్గిస్తుంది, నీళ్లు తాగడం తగ్గిస్తుంది. ఆకు రంగు కూడా అందుకే మాసిపోయి బురద పచ్చకు తిరుగుతుంది. అలాంటి మొక్కకు నేను తనకల్లు కొలతతో నీళ్లు పోశాను. పైన వేడిగాలికి ఆకు ఎండింది, కింద వేరు కుళ్లింది. మా పెరట్లో చైత్రంలో జరిగినదే సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్న ఊళ్లో, అద్దాల ఇంట్లో, మళ్లీ జరిగింది. కుండీ బోర్లించి చూస్తే అవే గోధుమరంగు వేళ్లు, అదే వాసన. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది, దోషం ఎండదీ కాదు, మంచుదీ కాదని.

పెద్దావిడ ఇచ్చిన కొమ్మలు మాత్రం బతికాయి. వాటి విషయంలో అమ్మాయి నన్ను చేయి పెట్టనివ్వలేదు. వేళ్లు అంగుళం సాగగానే గ్లాసులోంచి తీసి చిన్న కుండీల్లోకి మార్చింది, నీళ్లలో ఎక్కువ కాలం ఉంచితే ఆ వేళ్లు పెళుసుగా తయారై మన్నులో నిలదొక్కుకోవని. పైమన్ను వేలి కణుపు లోతు వరకు ఆరాకే నీళ్లు. మీద ఎల్ఈడీ దీపం రోజుకు పద్నాలుగు గంటలు. ఎరువు అసలు లేదు. కిటికీ అద్దానికి ఆకు తగలకుండా జానెడు ఎడం, ఎందుకంటే బయటి చలి అద్దంలోంచి ఆకును కాలుస్తుంది. ఒకసారి నేను తుడుస్తూ కుండీని అద్దం వైపు జరిపేస్తే, తగిలిన ఆకు మేర గుండ్రంగా నల్లబడింది. జనవరిలో ఆకు తొడిమల సందుల్లో తెల్లటి దూది మచ్చలు కనబడ్డాయి, పిండినల్లి. ఇంట్లో వానా ఉండదు, నల్లిని తినే అక్షింతల పురుగులూ ఉండవు కాబట్టి ఒక్కటి చేరినా పదింతలవుతుంది. పుల్లకు దూది చుట్టి, స్పిరిటులో ముంచి, ఒక్కొక్క మచ్చనే తుడిచింది. చీడ పట్టిన మొక్కను నడుమెత్తున ఉంచి ఉంటే ఇలా తుడవగలమా? చిన్నదిగా ఉండటమే దానికి రక్ష.

కరివేపాకుది వేరే దారి. డిసెంబరులో ఆకంతా రాల్చి పుల్లగా నిలబడింది. నేను చచ్చిందనుకుని ఏడ్చినంత పని చేశాను, నీళ్లు పోయబోయాను. అమ్మాయి నా చేయి పట్టుకుని ఆపింది. అది చెక్క మొక్క, చలికి నిద్రపోతుంది, దాదాపు పొడిగా ఉంచితే మార్చి ఏప్రిల్ ప్రాంతంలో చిగురేస్తుంది. కోలియస్‌కు ఆ నిద్ర తెలియదు. ఏడాది పొడుగునా మెలకువగానే ఉంటుంది. అందుకే దాన్ని నిద్రపుచ్చలేం, చిన్నది చేసి కాపాడుకోవాలి. ఏ మొక్కది ఏ తీరో తెలుసుకోకుండా అన్నింటికీ ఒకటే మందులా నీళ్లు పోయడం నా పాత జబ్బు.

వచ్చేటప్పుడు రెండు కొమ్మలు తడి గుడ్డలో చుట్టి పెట్టెలో వేసుకుందామని మనసు లాగింది. అమ్మాయి వద్దంది. తగిన అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు దేశం దాటించకూడదు, అక్కడికి పోయేటప్పుడు కరివేపాకు రెమ్మలు తీసుకెళ్లకూడదన్నదీ అందుకే. ఆకు వెంట పురుగూ తెగులూ దాటి వేరే దేశపు తోటల్ని తినేస్తాయి. ఖాళీ చేతులతోనే దిగాను.

దిగింది శివరాత్రికి ముందు. మా ఇంట్లో కోలియస్ లేకపోలేదు. నేను పోకముందు వానాకాలంలో కడియం నర్సరీల మొక్కలు వ్యానులో వేసుకుని వచ్చినవాళ్ల దగ్గర రెండు కొని కుండీల్లో పెట్టి పోయాను. మా ఆయన చూసుకున్నాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా ఊరు దానికి సరిపడే ఊరు. నేను వచ్చేసరికి అవి మోకాలెత్తు గుబురుతో, ఎర్రగా, వెన్నులు వేయడానికి సిద్ధంగా ఉన్నాయి. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని మా పెద్దల మాట. మిన్నెసోటా ఆవిడకు ఆగస్టు ఆఖరు ఎలాంటిదో తనకల్లులో నాకు శివరాత్రి ముందు వారం అలాంటిదని అప్పుడు లెక్క కుదిరింది. కత్తెర పట్టుకుని ఆ గుబురు ముందు చాలాసేపు నిలబడ్డాను. చేయి రాలేదు. చివరికి కోశాను.

నాలుగంగుళాల చివర్లు, కణుపు కింద కోత, కింది ఆకులు తీసేసి, పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించి. క్యాను నీళ్లే గ్లాసులో పోశాను, బోరు ఉప్పు లేకుండా. పది రోజుల్లోపే తెల్లటి వేళ్లు దిగాయి. చిన్న మట్టి కుండీల్లో ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, చివికిన ఎరువు కలిపి నాటాను, పైన చెనక్కాయ పొట్టు పరిచాను. వాటిని పెట్టింది ఉత్తరం వైపు పంచలో, నేరుగా ఎండ తగలని చోట.

గాలి సంగతి నాకు నేర్పింది మా వీధి చివర పట్టుపురుగుల షెడ్డు. మా కదిరి, మదనపల్లె ప్రాంతమంతా పట్టు రైతులున్నారు. పట్టుపురుగుకు 25 డిగ్రీల దరిదాపు వేడి, 70 నుంచి 85 శాతం తేమ కావాలి. బయట 40 డిగ్రీలు మండుతుంటే వాళ్లు కిటికీలకు గోనెసంచులు కట్టి తడుపుతారు, నేల మీద ఇసుక పోసి తడి చేస్తారు. గాలి ఎంత పొడిగా ఉంటే తడి గోనె అంత బాగా చల్లబరుస్తుంది, మా ఊరి పొడిగాలి ఆ పనికి అచ్చంగా పనికొస్తుంది. ఏళ్లుగా ఆ షెడ్డు ముందు నుంచి బడికి నడిచిపోయాను, అదేదో పురుగుల వ్యవహారమని తల తిప్పుకున్నాను. లాల్‌బాగ్ గాజు మందిరం చూసి మురిసినదాన్ని, నా ఊరి రైతు ఇంకో ప్రాణిని గండం దాటించడానికి కట్టుకున్న ఇల్లు చూడలేదు. ఇప్పుడు పంచకు పడమటి వైపు ఒక గోనెపట్టా వేలాడుతుంది. బియ్యం కడిగిన నీళ్లతో, కూరగాయలు కడిగిన నీళ్లతో దాన్ని తడుపుతాను. కుండీలకు తెల్లవారుజామున, పైమన్ను ఆరిన రోజున, ఒక్క గ్లాసు. మధ్యాహ్నం ఆకు వేలాడితే వేలాడనిస్తాను. వేలు గుచ్చి చూసి లోపల తడి ఉంటే చేతులు కట్టుకుని కూర్చుంటాను. అది నాకు అన్నింటికంటే కష్టమైన పని.

తల్లి మొక్కలకు విడిగా నీళ్లు పోయలేదు. వైశాఖంలో అవి పోయాయి. పంచలోని కొమ్మల్లోనూ రెండు పోయాయి, మిగిలినవి సాగకుండా, రంగు కాస్త తగ్గి, బిగుసుకుని కూర్చున్నాయి. జూన్‌లో మొదటి మబ్బు పట్టాక కొత్త ఆకు వేశాయి. మునుపు ఒక పూటకు పోసినన్ని నీళ్లతో వేసవంతా గడిచిందని కచ్చితంగా చెప్పలేను, కానీ దానికి దగ్గరదగ్గరే. ఎదురింటి కోడలికి ఆ తొలకరిలో ఒక కుండీ ఇచ్చాను. ఆమె దాన్ని నాకంటే బాగా పెంచుతోంది.

మా అనంతపురం, కడప, కర్నూలు వైపు కోలియస్ పెంచే వాళ్లకు ఒక మాట చెప్పి ముగిస్తాను. శివరాత్రి ముందు వారం కత్తెర తీసుకోండి. పూత రాని చివర్లు నాలుగు కోసి గ్లాసులో పెట్టండి. రెండు మీ ఇంట్లో ఉంచుకోండి, రెండు పక్కింట్లో ఇవ్వండి. మీవి పోతే వాళ్లవి ఉంటాయి, వాళ్లవి పోతే మీవి ఉంటాయి. చలి దేశాల్లో ఉన్న మన పిల్లలు అదే పని వినాయక చవితి నాటికి చేయాలి. తల్లి మొక్క మీద మమకారం ఉంటే చివరి దాకా కళ్లారా చూసుకోండి, నీళ్లు మాత్రం దాని మీద కుమ్మరించకండి. మా ఊళ్లో ఆ నీళ్లకు వేరే పని ఉంది.